పెద్దమ్మ నడక మీద కట్టిన పాట

ఆ పాటను జనం మర్చిపోయారు. పీడ విరగడైందని మా ఇంట్లో అందరం సంతోషించాం. ఇప్పుడు దాన్ని మళ్లీ బతికించడానికి ఒక దర్శకుడు బయల్దేరాడు, మహానుభావుడు!

మా పెద్దమ్మ నాటక కంపెనీలో దుస్తులు కుట్టేది. ఆమెకు ఎడమ కాలు పొట్టి. చేతుల నిండా కోట్లు, గౌన్లు మోసుకుని తెరల వెనక తిరుగుతుంటే ఆ నడక మీద హాస్యగాడి పాడు కన్ను పడింది. ఒక అడుగు పడి, రెండోది ఈడ్చుకుంటూ వచ్చే తాళంలో దర్జీ పిల్ల మీద పాట కట్టాడు. దరువు పడినప్పుడల్లా వేదిక మీద ఒరిగేవాడు. హాలంతా పగలబడి నవ్వేది. బజారులో కుర్రాళ్లు ఆమె వెనకాలే చప్పట్లు కొడుతూ నడిచేవారు. పెళ్లి మాటలకు వచ్చినవాడు మెట్ల మీదే అదే పాట ఈల వేశాడట. ఆమె మరొకరికి తలుపు తీయలేదు.

ఉద్యోగం మానేస్తే తినేదేమిటి? ఆ దుర్మార్గుడు ఒరిగినప్పుడు కోటు కుట్టు విడితే, దాన్నీ ఆమే వేయాలి. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండిపోతుంది.

దర్శకుడికి ఇవేవీ తెలియవు. ఆ కంపెనీవాళ్లలో పెద్దమ్మ ఒక్కతే మిగిలిందని విని వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ పాట మళ్లీ వీధిన పడితే ఈ వయసులో ఆమె గడప దాటగలదా?

“మాటలు దొరికాయమ్మా. తాళమే అంతుపట్టట్లేదు. మీకు గుర్తుందా?”

“ఆవిడకేం గుర్తులేదు. మీరు దయచెయ్యండి,” అన్నాను.

“నువ్వుండవే,” అని పెద్దమ్మ లేచింది. కుట్టుమిషను దగ్గర్నుంచి కిటికీ దాకా నడిచి వెనక్కి తిరిగింది. “ఇదే బాబూ ఆ తాళం. నా కాలు. తెలిసిందా?”

సిగ్గుతో తల దించుకుంటాడనుకున్నాను. వాడి వేళ్లు కుర్చీ చేతి మీద దరువు వేస్తున్నాయి! పైగా ముఖం వెలిగిపోతోంది.

“అబ్బ, ఎంత బాగుందండీ! ఇంకొక్కసారి నడుస్తారా? ఫోన్లో తీసుకుంటాను.”

నేను చెప్పు తీయబోయాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“రేపు వేదిక మీద నడిచేది మీవాళ్లేగా? నువ్వే పాడుతూ నడువు. నేను చూస్తాను.”

హుషారుగా లేచాడు. పాడుతూ, ఒరుగుతూ, కాలీడుస్తూ వచ్చాడు. పెద్దమ్మ రెప్ప వేయకుండా చూస్తోంది. ఆమె ఎదురుగా వచ్చేసరికి పాట మధ్యలోనే ఆపేశాడు. కాళ్లు రెండూ దగ్గరగా పెట్టుకుని నిలబడిపోయాడు.

“ఆగావేం?” అంది పెద్దమ్మ. “పాట ఇంకా చాలా ఉంది. నడువు.”