పెడలు కింద గంగమ్మ నిమ్మకాయ

నవ్వుకోండప్పా, బాగా నవ్వుకోండి. విమానాన్ని తీసుకపోయి సెరుకు తోటలో పెట్టినోన్ని మన పుత్తూరు మొత్తానికీ నేనొక్కన్నే. కానీ నా సిగ్గు దానికి కాదు, ఆ తర్వాత సేసిన పనికి. టీ సల్లారితే ఇంకోటి సెప్పుకుందాం, ముందు ఇనండి.

టైల్స్ షాపు పెట్టుకోని బతికేవాన్ని, నలభై నాలుగేండ్లొచ్చినాక నాకు విమానం నేర్సుకోవాలని బుద్ధి పుట్టింది. వడమాలపేట దాటినాక పొలాల మధ్యన చిన్న ట్రైనింగ్ స్కూలు ఉండాది, ఆడ సేరినాను. విమానమంటే పెద్దది కాదు, మైక్రోలైటు. ఇద్దరే పడతారు. పైలట్ మాదిరి కనపడాలని ఆరు జోబీల ప్యాంటు కూడా కొన్నా! నేర్పించేది స్టెల్లా మేడం. మెకానిక్ మునిరత్నం. ఆయప్ప పొద్దున్నే ఒక్కో బోల్టూ తట్టి సూసి సంతకం పెడితేనే అది కదుల్తాది.

మేడం మొదటి రోజే సెప్పింది: "లోపల లూజుగా ఏ వస్తువూ ఉండకూడదు. పెన్ను కూడా. జోబీలు ఖాళీ సేసే ఎక్కాల."

పోయిన నెల, ఫస్ట్ టైమ్ నా సేత్తో నేను ల్యాండ్ సెయ్యాల. ఈ సంగతి మాయమ్మకు సెప్పినా సూడు, అదీ నా తప్పు! కొత్త బండి కొంటే సక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం కదా. విమానానికి అది సెయ్యలేదని మాయమ్మకు ఒకటే దిగులు. "ఆడ పెట్టనియ్యరు మా" అంటే, "అయితే జోబీలో పెట్టుకో నాయనా, గంగమ్మ కాడ పెట్టి తెచ్చినా" అని కుంకుమ పూసిన నిమ్మకాయ సేతిలో పెట్టింది. మంచి సైజుది!

"జోబీలు ఖాళీనా?" అనింది మేడం.

"ఖాళీ మేడం."

గంగమ్మ నిమ్మకాయ లూజు వస్తువు ఎట్లయితాదని నా తెలివి!

ఎగిరినాం. మామిడి తోపులు, రోడ్డు మీద బస్సులు, అంతా బాగుండాది. దిగేటప్పుడు సక్రాలు మెత్తగానే తగిలినాయి. "సూపర్!" అనింది మేడం. అంతలోనే గాలి ఎడమ పక్కకు తోసింది. కుడి పెడలు తొక్కాల. తొక్కినాను. దిగలే!

"రైట్! రైట్ తొక్కప్పా!"

"తొక్కతానే ఉండా మేడం! పోలే!"

ఆమె పక్క పెడలూ నా పెడలూ ఒకదానికొకటి కలిసుంటాయి. ఆమె తొక్కినా కదల్లే. రన్‌వే పక్కకు పోయింది, మేం నేరుగా సెరుకు తోటలో దూరినాం. టపటపా గడలిరగతా ఉంటే ముక్కు నేలకు గుద్దుకోని ఆగింది. నాకు గీత కూడా పడలే. మేడం మణికట్టు మాత్రం గట్టిగా కొట్టుకోని వాసిపోయింది.

దిగబోతా కిందికి సూసినాను. కుడి పెడలు ఎనకాల ఉండాది నిమ్మకాయ, సగం నలిగి, కుంకుమతో సహా! ఎప్పుడు జారిందో తెలీదు. అవతల మునిరత్నం పరిగెత్తుకుంటా వస్తా ఉండాడు. గబుక్కున తీసి మళ్లా జోబీలో ఏసుకున్నా. "ఏమైందప్పా?" అని ఆయప్ప అడిగితే, "పెడలు జామ్ అయింది" అన్నా.

మేడం ఆస్పత్రి వద్దు, ఎముకలకు కట్టే మన పుత్తూరు కట్టే కావాలనింది. ముగ్గురం కట్టు కట్టే పెద్దాయన కాడికి పోయినాం. ఆడ ఉండంగానే మేడానికి స్కూలు ఓనర్ సారు ఫోన్, స్పీకర్లో. "పెడలు జామ్ అయిందంటే మెకానిక్ సరిగ్గా సూడలేదనే కదా! మునిరత్నాన్ని రేపట్నుంచి రావద్దను!"

మునిరత్నం పక్కనే ఉండాడు. "పొద్దున రెండుసార్లు తొక్కి సూసినానే మేడం... పద్దెనిమిదేండ్లుగా ఒక్క బోల్టు ఇడిసిపెట్టలేదే నేను" అని కండ్లు తుడుసుకున్నాడు. మరి నేను? గోడ మీద క్యాలెండర్ సూస్తా కూసున్నా! ఇప్పుడు తల్సుకున్నా నా మీద నాకే అసయ్యం.

కట్టు కడతా కడతా పెద్దాయన ముక్కు ఎగబీల్సినాడు. "ఈడ నిమ్మకాయ ఎవురు కోసినారు?"

నా ప్యాంటు సూసుకున్నా. జోబీ కాన్నించి మోకాలి దాకా తడి. మేడం ఆ తడినీ సూసింది, నా మొగాన్నీ సూసింది.  సారు ఫోన్లో ఇంకా అరస్తానే ఉండాడు. లేసి నిలబడినా.

"సార్, తప్పు మునిరత్నానిది కాదు, నాది. పెడలు కింద నిమ్మకాయ పడింది."

 సారు అరిసేది ఆపి మెల్లగా, "ఏం కాయ?" అన్నాడు.

ఇంటికొచ్చి సెప్తే మాయమ్మ ఏమనిందో తెల్సా? "సూసినావా! అది ఉండబట్టే నీకు గీత పడలే!"

విమానం రిపేరై, ఈ పొద్దే మళ్లా పోయినా. సెక్‌లిస్టు అడుగున పెన్నుతో కొత్త లైను: నిమ్మకాయ. మునిరత్నం అందరి ముందర గట్టిగా సదివినాడు.

"నిమ్మకాయ?"

"లేదప్పా!"

"మోకాలి కాడ జోబీలో?"

ధైర్యంగా సెయ్యి పెట్టినా. గుండ్రంగా తగిలింది. ఓయమ్మా! మాయమ్మ ఎప్పుడు పెట్టిందప్పా! నాకు నేల సీలి లోపలికి పోతే బాగుండనిపించింది.

మునిరత్నం తిట్టలే. సెయ్యి సాపి తీసుకున్నాడు. కుంకుమ తుడిసి తన సొక్కా జోబీలో ఏసుకున్నాడు.

"మజ్జిగలోకి అయితాది లే, పోయి ఎక్కు. రేపట్నుంచి రెండు పచ్చిమిరక్కాయలు కూడా పెట్టమను మీయమ్మను."