కాయ కోసిన చేతులు

కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి కనిపిస్తే ఇప్పటికీ ఆమే గుర్తొస్తుంది.

వెల్దుర్తి దగ్గర ఓ ఊళ్లో పేదపిల్లలకి నాలుగు రోజులు వండిపెట్టి, చదువు చెప్పి వద్దామని మా కుటుంబమంతా బస్సులో పోతున్నాం. కారంపూడిలో ఓ కూలి మనిషి ఎక్కి మా పక్కన కూర్చుంది. మా పాప నిద్రలో ఆమె మీదికి ఒరిగింది. ఆమె చప్పున రెండు చేతులూ పైకెత్తేసింది.

"కాయ కోసిన చేతులమ్మా. పిల్లకి తగిలితే చానా మండుద్ది," అంటూ మోచేత్తో పాప తల ఆనించుకుని, మణికట్టుతో బుగ్గ నిమిరింది. మధ్యలో ఏదో ఊళ్లో దిగిపోయింది.

మర్నాడు మేం వెళ్లిన ఊరి బడిలో పాప కిందపడి ఏడుస్తుంటే ఓ చిన్నపిల్ల పరిగెత్తుకొచ్చింది. వాళ్లమ్మా మిరపకోతలకే వెళ్తుంది. ఆ పిల్లవి అన్నానికని అప్పుడే కడుక్కున్న చేతులు. అయినా వేళ్లు దూరంగా పెట్టుకుని, మణికట్టుతో పాప బుగ్గ నిమిరింది.