పంచె మీద కొలత



ఇంగ్లండులో కొత్తగా పెట్టిన ఒక కంపెనీ, కొలతలు పంపితే మగవాళ్లకు దళసరి బట్టతో ప్యాంట్లు కుట్టి పంపుతుంది. తాను పనిచేసే రబ్బరు తోటలో ముళ్లకు, జలగలకు తట్టుకుంటుందని నాన్న ఒకటి తెప్పించుకున్నారు. ఈ రోజు నాన్నా నేనూ దగ్గరి పట్నం సుంగై సిపుట్ తపాలా ఆఫీసులో పార్సిల్ తీసుకుని వస్తుంటే చెక్‌పోస్టులో మా బస్సు ఆపారు. అడవిలో దాక్కున్న తిరుగుబాటుదారులకు బట్టలు చేరవేస్తే జైలే.

పోలీసు పార్సిల్ విప్పి, నాన్నను తమ లారీ చాటుకు తీసుకెళ్లి, పంచె విప్పించి ప్యాంటు తొడిగించి బయటికి తీసుకొచ్చాడు. నడుము దగ్గర ఇంకో మనిషి పట్టేంత వదులు.

"ఇది నీది కాదు లా! అడవిలో ఎవడికి?" అని ఇక్కడివాళ్లలాగే మాట చివర "లా" తగిలించి గద్దించాడు పోలీసు.

ఆ కొలతలు తీసింది నేను. పంచె విప్పమనడానికి సిగ్గుపడి, దాని మీదే టేపు చుట్టాను. బయటివాళ్ల ముందు ఎన్నడూ గొంతెత్తని నేను గట్టిగా అరిచాను.

"నానా, పంచె కట్టుకొని దాని మీద తొడుగు! నాను అలాగే కొలిసినాను!"

తొడిగారు. అచ్చంగా సరిపోయింది. పోలీసు కడుపు పట్టుకుని నవ్వి మమ్మల్ని వదిలేశాడు.

నాన్న మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చాక, "ఇంకెప్పుడూ సిగ్గుపడకమ్మా. ఈయాల నీ సిగ్గు నన్ను జైలుకి అంపేసేది," అన్నారు.

మీ ఇళ్లలో నాన్నలకు కొలతలు ఎవరు తీస్తారు?