అడ్డు తప్పుకున్న అత్తగారు

మా వీధి చివరి దర్జీ దుకాణంలో ఆమెను అందరూ గుండీలక్క అంటారు. చొక్కాలకు గుండీలు, జాకెట్లకు హుక్కులు చేత్తో కుట్టడమే ఆమె పని. మిషను రాక కాదు. ఒకప్పుడు ఆమె తొక్కితే మిషను పాట పాడేదట. ఓసారి కుడుతుండగా మూర్ఛ వచ్చి, సూది వేలిలో దిగబడింది. ఆ రోజే అత్తగారు మిషను మీద పాత దుప్పటి కప్పేసింది. మళ్లీ మిషనెక్కాలన్నదే గుండీలక్క కోరికంతా.

కోడలి విషయంలోనూ అత్తగారిది అదే పద్ధతి. దుకాణమైనా, బస్సైనా, మూర్ఛ వస్తే చాలు, ఒడిసిపట్టుకుని కొంగు కప్పి, నలుగురి కళ్లూ పడకుండా తన వీపు అడ్డం పెట్టేది.

ఎన్ని మందులు మార్చినా లొంగకపోయేసరికి డాక్టరమ్మ ఆపరేషన్ మాట ఎత్తింది. అయితే మూర్ఛ మెదడులో ఏ మూల పుడుతోందో ముందు తేలాలి. తేలకపోతే ఆపరేషన్ లేదు. అందుకని గుండీలక్కను ఆస్పత్రిలో చేర్చి, తలనిండా ఈఈజీ వైర్లు జిగురుతో అతికించి, ఎదురుగా కెమెరా పెట్టారు. మూర్ఛ రావాలనే మందులు తగ్గించారు. మెదడు గీసే గీతలనూ ఒంటి కదలికలనూ కలిపి చూస్తారు. ఇక మూర్ఛ రావడమే తరువాయి.

అది రాదే! పిలవని పేరంటానికి పరుగెత్తుకొచ్చేది, పిలిస్తే బెట్టు చేస్తోందని అత్తగారు సణిగిందట. వైర్ల కట్ట చూసి, ఇంత జడ నీకెప్పుడూ లేదని కోడలిని ఆటపట్టించిందట.

చివరికి ఓ మధ్యాహ్నం వచ్చింది. అత్తగారు ఒక్క ఉదుటున లేచి, కోడలిని వాటేసుకుని దుప్పటి కప్పేసింది. ఆ పెనుగులాటలో వైర్లు కొన్ని ఊడాయి. తర్వాత టెక్నీషియన్ వచ్చి మెల్లగా చెప్పాడు.

"పెద్దమ్మా, వీడియోలో మీ వీపు చక్కగా పడింది. కోడలే కనబడలేదు."

అత్తగారికి నవ్వు రాలేదు. "కాపాడుతున్నాననుకున్నాను బాబూ" అంది.

"ఇన్నాళ్లూ కాపాడారు. ఇప్పుడు మమ్మల్ని చూడనివ్వండి."

బటన్ నొక్కితే నర్సు వస్తుందని, మిగతాది ఆమె చూసుకుంటుందని చెప్పి వెళ్లాడు.

మర్నాడు గుండీలక్క ఉన్నట్టుండి మాట ఆపి పెదవులు చప్పరించసాగింది. అత్తగారు బటన్ నొక్కింది. అలవాటుకొద్దీ అత్తగారి చేతులు వాటంతటవే దుప్పటి మీదకు పోయాయి. కానీ కప్పలేదు, లాగేసింది. నర్సు మంచం పక్కకు రాగానే తను గోడకు అతుక్కుపోయి, కెమెరాతో అంది: "చూసుకోండి నాయనా, బాగా చూసుకోండి."

గుండీలక్క ఎడమ చెయ్యి కొయ్యలా బిగుసుకుంది. కుడి చేతి వేళ్లు మాత్రం పరుపుకు గుండీ కుడుతున్నట్టే ఆడాయి.

డాక్టరమ్మ గీతలు తెచ్చి చూపించింది. అన్నీ బుద్ధిగా నడుస్తుంటే, కుడి కణత దగ్గరి గీత ముందుగా వణికింది, ఆపై ఇరుగుపొరుగు గీతలు. తర్వాత వచ్చిన మూర్ఛలూ అక్కడే పుట్టాయి. స్కానింగులో చిన్న మచ్చ కూడా అక్కడే.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మీరు పట్టారమ్మా" అంది అత్తగారు. ఈసారి నవ్వింది.

ఆపరేషన్ అయింది. మాత్రలు ఇంకా వేసుకుంటోంది గానీ, మూర్ఛ మళ్లీ మొహం చూపలేదు. డాక్టరమ్మ సరేనన్నాక, మొన్న అత్తగారే మిషను మీది దుప్పటి తీసి దులిపింది. గుండీలక్క తొక్కుతుంటే మీదకు వంగి నిలబడింది.

"అత్తయ్యా, మళ్లీ మీరే అడ్డం. వెలుతురు రావట్లేదు."

అత్తగారు పక్కకు జరిగింది.

"జరిగానులే. కుట్టు వంకర పోయిందో, మళ్లీ గుండీలే నీకు."