ఎండిన మట్టి

రజాకార్ల గోల సద్దుమణిగిన ఏడు, సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే బస్సులో పట్నంలో చదివే పిల్లగాడొకడు నా పక్కన కూర్చున్నాడు. పసితనం నుంచి ముసలితనం దాకా మనిషి మనసు ఎలా ఎదుగుతుందో చదువుతున్నాడట. ఆశపడి అడిగాను.

"నాకు గిప్పుడు అచ్చరాలొస్తయా బిడ్డా?"

అతను నా ఒళ్లోని మనవరాలి బుగ్గ గిల్లాడు. "ఈ పిల్లది పచ్చి మట్టి. నీది ఎండిన మట్టి అవ్వా. ఇగ ఏదీ అంటదు."

"నీ మట్టి ఇంకా తడిసినట్టే లేదు గద బిడ్డా" అన్నాను.

కోదాడ వచ్చేదాకా ఆ మహానుభావుడు పుస్తకంలోంచి తలెత్తలేదు.

యాభై దాటాక నేను అక్షరాలు దిద్దింది వాడి మీది కసితోనే. ఈ సంగతి తెలిస్తే అదీ తన చదువు గొప్పే అనుకుంటాడు. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.