తడి సంచి కింద గడియారం

చేవెళ్ల నుంచి మాదాపూర్ ఆఫీసుకు వెళ్లే దారిలో, మొయినాబాద్ రాకముందే నవత ఒకచోట స్కూటీ ఆపుతుంది. రోడ్డు పక్క చేనులోకి దిగి బోరు దగ్గరి స్టార్టరు పెట్టెను చూస్తుంది. దాని మీద గోనెసంచి ఉంటే చేత్తో తాకుతుంది. తడిగా ఉంటే తీసి కంచె మీద ఆరేస్తుంది. ఆ చేను ఆమెది కాదు. రైతు ఒకసారి పట్టుకున్నాడు.

"ఏందమ్మా, నా సంచి నీకేమడ్డమొచ్చింది? సంచి లేకుంటే పెట్టె పెనమోలె కాలుతది."

"లోపల గడియారం ఆగుతదన్నా."

"నా పెట్టెల గడియారమే లేదు. పో, జర దవాఖానల సూపెట్టుకో."

ఆ పెట్టెలో గడియారం లేదని నవతకూ తెలుసు. అయినా మరుసటి రోజు మళ్లీ ఆగుతుంది.

ఆమె చేసే పని గడియారాలు తయారు చేయడం. గోడకు తగిలించేవి కాదు, చిప్పు లోపల కొట్టుకునేవి. గోరంత కూడా లేని స్ఫటికపు ముక్క ఒకటి సెకనుకు వేలసార్లు ఊగుతుంది. ఆ ఊపులను లెక్కబెట్టి చిప్పు టైము తెలుసుకుంటుంది. ముక్క ఊగడం ఆగకుండా ఉయ్యాలను తోసినట్టు దాన్ని తోస్తూ ఉండే సర్క్యూటును గీయడమే నవత ఉద్యోగం. గట్టిగా తోస్తే బ్యాటరీ తొందరగా అయిపోతుంది. మెల్లగా తోస్తే ఏళ్లకేళ్లు వస్తుంది. నవత అందరికంటే మెల్లగా తోసింది. అంత తక్కువ కరెంటుతో నడిచే గడియారం ఆ కంపెనీలో అంతకుముందు ఎవరూ చేయలేదు. ఆఫీసులో కేకు కోశారు.

వ్యవసాయానికి కరెంటు విడతలు విడతలుగా వచ్చే రోజులవి. కరెంటు రాగానే మోటర్లన్నీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. అందుకని రైతులు వంతులు పెట్టుకున్నారు. కంపెనీ ఆ వంతు వేళను చూసుకునే బోర్డు ఒకటి, స్టార్టరు పెట్టెలో బిగించేది, చేసి, నవత చిప్పును అందులో పెట్టింది. కరెంటు పోయినా గడియారం చిన్న బ్యాటరీ మీద నడుస్తుంది. వంతు వేళకు టక్కున మోటరును లేపుతుంది. వాడి చూడమని చేవెళ్ల చుట్టుపక్కల కొందరు రైతులకు ఆ బోర్డులు ఇచ్చారు. మొదటి బోర్డును నవతే తెచ్చి తన చిన్నాయన అంజిలయ్యకు పెట్టించింది. ఆయన క్యారెట్, టమాట పండిస్తాడు.

"ఇన్నొద్దులు మీ చిన్నమ్మ లేపేది. ఇగ నీ డబ్బా లేపుతదా మోటరును?" అన్నాడు అంజిలయ్య.

"లేపుతది కాకా. నువ్వు ఫికర్ చెయ్యకు."

"డబ్బా జర నయమే. తిట్టదు."

"ఇంటున్న," అంది లోపలి నుంచి ఆయన భార్య రాధమ్మ.

వేసవి వచ్చింది. ఒక సాయంత్రం అంజిలయ్య వంతు వేళ దాటినా మోటరు లేవలేదు. లైనులో కరెంటు ఉంది, పక్క చేనులో అంతయ్య మోటరు పోస్తూనే ఉంది. బోరు దగ్గర కేబులు అతుకు ఊడిందనుకున్నాడు అంజిలయ్య. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకితే అంతయ్య నీళ్లు కూడా ఆగిపోతాయి. ఆయన పీకలేదు. ఆగి ఉన్న మోటరే కదా అని అతుకు విప్పి, తీగలు చేత్తో పట్టుకున్నాడు. అప్పుడు పెట్టెలో టక్కుమంది. వంతు వేళ నుంచి అప్పటికి నలభై నిమిషాలు గడిచాయి.

బోర్డును ఆఫీసుకు తెచ్చారు. బల్ల మీద అది చక్కగా నడిచింది. వేడి పెట్టెలో పెట్టి కాల్చారు, చలి పెట్టెలో పెట్టి గడ్డకట్టించారు. ఎక్కడా తప్పలేదు. నలభై నిమిషాల తేడాకు, రైతు టైము తప్పుగా పెట్టి ఉంటాడని తేల్చారు. ఆ టైము పెట్టింది నవతే.

అంజిలయ్య దినాలకు వెళ్లినప్పుడు బోరు దగ్గర చూసింది. రాధమ్మ బిందెతో నీళ్లు తెచ్చి, ఖాళీ స్టార్టరు పెట్టె మీది సంచి తడుపుతోంది.

"ఎందుకు చిన్నమ్మా?"

"పెట్టె కాలుతది గదా. మీ కాక తడుపుమనేటోడు. అలవాటయింది."

మర్నాడు నవత ఊరి నుంచి గోనెసంచి ఒకటి ఆఫీసుకు పట్టుకెళ్లింది. తడిపి, అలాంటిదే ఇంకో బోర్డున్న పెట్టె మీద కప్పింది. మూత సందులోంచి చెమ్మ లోపలికి దిగింది. ఆమె తోపు ఎంత మెల్లనిదంటే, ఆ కొద్ది కరెంటూ చెమ్మలోంచే కారిపోయింది. ఊపు ఆగింది. ఎర్రదీపం లేదు, గంట లేదు. సంచి ఆరాక గడియారం ఆగినచోటి నుంచే మళ్లీ నడిచింది, మధ్యలో ఏమీ జరగనట్టు. ఆ రోజు నుంచి ఆమెకు ఫ్రిజ్ టక్కుమన్నా చెయ్యి వెనక్కి లాగేసుకోవడం అలవాటయింది.

మేనేజరు మహేష్‌కు తోపు పెంచాలని చెప్పింది.

"బ్యాటరీ లైఫ్ చూపించే కదా నవతా మనం అమ్ముతున్నం? కారణం లేకుండ పైవాళ్లు ఒప్పుకోరు. కారణం రాసియ్యి."

రాస్తే తడి సంచి అని రాయాలి. రాస్తే బోర్డులున్న ప్రతి రైతుకూ, సంచి తడపవద్దని డీలరు చెబుతాడు. ఆ మాట రాధమ్మ దాకా వస్తుంది. రాయకపోతే అదే గడియారం ఇంకో వెయ్యి పెట్టెల్లోకి వెళ్తుంది. నవత రాసింది. డీలరు చెప్పకముందే, ఆ ఆదివారమే బోరు దగ్గర చిన్నమ్మను కలిసింది.

రాధమ్మ అంతా విన్నది. తన చేతులు చూసుకుంది.

"గా దినం రెండు బిందెలు పోసిన. ఎండ బాగున్నదని."

"నీ తప్పు కాదు చిన్నమ్మా. నీళ్లు పడ్డా ఆగకుండ చెయ్యాల్సింది నేను. కరెంటు తక్కువ పెట్టిన."

"నువ్వు తక్కువ పెట్టినవ్, నేను ఎక్కువ పోసిన. ఆయనేమో ఫ్యూజు పీకలే. ఇగ ఎవల్ని తిట్టాలె?"

కంచె అవతల అంతయ్య పార తిప్పుతూ మడికి నీళ్లు మళ్లిస్తున్నాడు. రాధమ్మ గొంతు తగ్గించింది.

"అంతయ్యకు మాత్రం చెప్పకు. తన మోటరు ఆగుతదనే మీ కాక పీకలే అని తెలిస్తే, ఆయనకూ నిద్ర పట్టది."

"చెప్ప."

"గా డబ్బా ఉన్నదా ఇంకా?"

"నా బల్ల మీద ఉన్నది. నడుస్తున్నది."

"టైము సరి చేసినవా?"

"లేదు చిన్నమ్మా."

రాధమ్మ లేచింది. పెట్టె మీది సంచిని తీసి మడిచి చంకలో పెట్టుకుంది. మరుసటి ఆదివారం నవత వచ్చేసరికి అది మళ్లీ పెట్టె మీదే ఉంది, పొడిగా.

కొత్త చిప్పులో తోపు మూడింతలు పెరిగింది. ఏడేళ్లు రావాల్సిన బ్యాటరీ రెండేళ్లకు కొంచెం పైగా వస్తుంది. పాత చిప్పే ఉన్న అంజిలయ్య బోర్డుకు, ఏడేళ్లు నిండాక, నవత మొన్న కొత్త బ్యాటరీ వేసింది. వేసేటప్పుడు గడియారం ఆగకుండా పక్కనుంచి కరెంటు ఇచ్చింది. అది ఇప్పటికీ నలభై నిమిషాలు వెనకే ఉంది.