పాట కోసం మానేసిన మాత్ర

లూదియా ఆళ్లగడ్డలో అంగన్‌వాడీ టీచరు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. ఆమె గొంతు విప్పితే వెనక కునికే ముసలివాళ్లు కూడా తలెత్తేవారు. భర్త మత్తయి రోజూ బస్సులో నంద్యాల వెళ్లి బియ్యం మిల్లులో పనిచేసి వచ్చేవాడు.

నలభై ఎనిమిదో ఏట ఆమెకు బీపీ బయటపడింది. నంద్యాల డాక్టరు మాత్ర రాశాడు. బీపీ దిగింది గానీ, మధ్యాహ్నానికల్లా పాదాలు వాచి చెప్పులు పట్టేవి కావు. ఆ సంగతి చెబితే మాత్ర మార్చాడు. వాపు పోయింది. నెల తిరక్కుండానే పొడిదగ్గు పట్టుకుంది. పల్లవి దాటేలోపే గొంతు గరగర. మిరియాల కషాయానికీ లొంగలేదు.

గుడ్ ఫ్రైడే దగ్గరపడుతోంది. ఆ రోజు మూడు గంటల ఆరాధన. లూదియా మాత్ర మానేసింది. కొన్ని వారాలకు దగ్గు పోయింది.

"మాత్ర ఏసుకుంటాండావా?" అని మత్తయి అడిగితే, "ఏసుకుంటాండాలేప్పా" అనేది.

తోటి టీచరు షాలినికి మాత్రం నిజం చెప్పింది.

"డాక్టరుకు చెప్పరాదా అక్కా?"

"మొన్న కాళ్లని పోతి. ఇప్పుడు దగ్గని పోతే ఏమనుకుంటాడు? పండగ కానీ, మళ్లా మొదలుపెడతా."

ఆ శుక్రవారం ఆమె పాడుతుంటే చర్చిలో ఏడవనివాళ్లు లేరు. మంగళవారం పిల్లలకు గుడ్లు వడ్డిస్తూ గిన్నె జారవిడిచింది. కుడిచెయ్యి లేవలేదు. మూతి పక్కకు పోయింది. మాట రాలేదు.

నంద్యాల ఆసుపత్రిలో మత్తయి ఇంట్లో దొరికిన మాత్రల అట్టలు ఆ డాక్టరు ముందే పెట్టాడు. చివరిగా తెచ్చినవాటిలో ఒక్క మాత్రా తీసిలేదు.

"రెండు మాత్రలూ బిగుసుకున్న రక్తనాళాలను వదులు చేసేవే" అన్నాడు డాక్టరు మెల్లగా. "ఒకదానికి కొందరికి కాళ్లు వాస్తాయి, ఇంకోదానికి దగ్గొస్తుంది. దగ్గు రాని రకం వేరే ఉంది. ఒక్క మాట చెప్పింటే మార్చేవాణ్ణి కదప్పా."

"నాకే చెప్పలేదు సార్" అని మత్తయి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ వేరే మాత్రను అతనే రోజూ తన చేతులతో వేశాడు. దగ్గు రాలేదు. మాట కూడా రాలేదు. ఒక సాయంత్రం షాలిని మంచం పక్కన కూర్చుని, ఆమెకు ఇష్టమైన కీర్తన అందుకుంది. లూదియా ఎడమచెయ్యి చాచి షాలిని నోరు మూసింది. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

పోయిన ఏడాది వానల్లో రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి మూడు రోజులే బతికింది. ఆమెకప్పుడు యాభై ఏళ్లు.